శివారు నుంచి శివారుకి

మాది కోనసీమలో అల్లవరం మండలం. రాత్రి పూట డాబా మీద పడుకుంటే సముద్రపు హోరు వినిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి మళ్లిన నీళ్లు లాకులన్నీ దాటి, దారిలో ఊళ్లన్నీ తడిపి, ఆఖరున మా చేలకి రావాలి. అందుకే మమ్మల్ని శివారు రైతులంటారు. ఎగువ ఊళ్లలో ఊడ్పులైపోయి చేలు పచ్చబడుతుంటే మా చేలకి నీళ్లు తెచ్చే బోదెలో నాచు ఎండి అట్ట కట్టి ఉండేది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లకి వంతులు పెట్టినప్పుడు నాన్నగారు రాత్రి భోజనం కాగానే టార్చిలైటు, దుప్పటి పట్టుకుని తూము దగ్గరికి వెళ్లిపోయేవారు. మా వంతు నీళ్లని మధ్యలో ఎవరూ కట్టేసుకోకుండా తెల్లవార్లూ కాపలా. కాలువ నీళ్లు చూసే లస్కరు కనిపిస్తే బతిమాలుకునేవారు. పొద్దున్న ఆయన గుమ్మంలోకి రాగానే నేను కాళ్ల వైపు చూసేదాన్ని. బురద ఉంటే నీళ్లొచ్చినట్టు. పొడిగా ఉంటే ఆ రోజు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు.

నేనిప్పుడు ఉంటున్నది పశ్చిమ ఆస్ట్రేలియాలో కల్గూర్లీ అనే బంగారు గనుల ఊళ్లో. పెర్త్ నగరానికి తూర్పుగా దాదాపు 600 కిలోమీటర్ల దూరం. 2022 జులైలో వెళ్లాం. ఈసారి సెలవుకి ఇంటికొస్తే మా వీధిలో ఐటీఐ చదివిన కుర్రాళ్లు నలుగురొచ్చి, "అక్కా, అక్కడ నిజంగా బంగారం తవ్వుతారా? మేం రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగారు. దేశం దాటడం మా వైపు కొత్త కాదు. వీధికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. అంతకు ముందు తరాలవాళ్లు కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లారు. మా నాన్నమ్మ వాళ్ల పెదనాన్న అలా రంగం వెళ్లి మళ్లీ రాలేదట. అయితే వెళ్లినచోట రోజులెలా గడుస్తాయో వచ్చినవాళ్లు పెద్దగా చెప్పరు. ఆ కుర్రాళ్లకి నాలుగు మాటలు చెప్పి పంపాను గానీ, అవి సరిపోవనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

2011 సార్వాలో, అంటే తొలకరి పంటకి, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేక, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగి, కూలి పెరిగి, ఇక వెయ్యలేమని చేలు ఖాళీగా వదిలేశారు. నాన్నగారూ వదిలేశారు. అప్పటికి నేను కాకినాడలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. సెలవులకి బస్సు దిగి గట్టు మీద నడిచొస్తుంటే రెండు పక్కలా తుంగ. ఆగస్టు నెలలో వరి లేని చేను నేను అంతకుముందు చూడలేదు. నాన్నగారు ఏమీ అనలేదు. "చదువు ఎంతవరకు వచ్చిందమ్మా?" అని మాత్రం అడిగారు. ఆ మరుసటేడు మళ్లీ వేశారనుకోండి, కానీ నా మనసులో ఏదో తెగింది. భూమిని నమ్ముకుని ఉండలేమని ఆ సెలవుల్లోనే అనుకున్నాను.

పెళ్లయ్యాక మా ఆయన మణుగూరులో బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్లు బాగుచేసే పని చేసేవారు. డీజిల్ మెకానిక్. చేతిలో మంచి పని ఉంది గానీ జీతం ఏళ్ల తరబడి అక్కడే. ఆయనతో పనిచేసిన ఒకాయన ఆస్ట్రేలియా వెళ్లి, గని వాహనాలు రిపేరు చేసేవాళ్లకి అక్కడ బాగా గిరాకీ ఉందని చెప్పాడు. మేం ముందు చేసిన పని ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లడం. లక్షన్నర కట్టించుకుని, ఒక కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉద్యోగం కాగితం ఇచ్చాడు. అది దొంగ కాగితమని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. డబ్బు తిరిగి రాలేదు. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు. కుర్రాళ్లకి గట్టిగా చెప్పిన మొదటి మాట ఇదే: కాగితాలు మీరే చదువుకోండి, వీసా నియమాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లోనే ఉంటాయి, అర్థం కాకపోతే రిజిస్టరయిన ఏజెంటునే అడగండి.

రెండోసారి అన్నీ మేమే చేసుకున్నాం. టీఆర్ఏ అనే సంస్థ పనివాళ్ల నైపుణ్యాన్ని పరీక్షిస్తుంది. ముందు కాగితాలు చూస్తారు. చదువు, అనుభవం, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పని చేస్తుండగా తీసిన ఫొటోలు. తర్వాత టెక్నికల్ ఇంటర్వ్యూ. మా ఆయనకి పని మీద భయం లేదు, ఇంగ్లిష్ మీదే టెన్షన్. ఆరు నెలలు రోజూ రాత్రి తొమ్మిదింటికి వంటింటి గట్టు మీద ఫోను పెట్టి నేను ప్రశ్నలడిగేదాన్ని, ఆయన ఇంగ్లిష్‌లో జవాబు చెప్పేవారు. హైడ్రాలిక్ పంపు ఎందుకు వేడెక్కుతుందో ఇంగ్లిష్‌లో చెప్పడం నాకూ అప్పుడే వచ్చింది. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రెండోసారికి గట్టెక్కారు. ఇంతలో కోవిడ్. పశ్చిమ ఆస్ట్రేలియా తన సరిహద్దులు మూసేసి, 2022 మార్చి 3న గానీ పూర్తిగా తెరవలేదు. అన్నాళ్లూ మా ఫైలు మీద దుమ్మే. మాకు వచ్చింది 494 వీసా. కంపెనీ స్పాన్సర్ చేస్తుంది, ఐదేళ్లు ఉంటుంది, నిర్ణయించిన ప్రాంతంలో ఆ యజమాని దగ్గరే పని చెయ్యాలి. మూడేళ్ల తర్వాత శాశ్వత నివాసానికి 191 వీసా పెట్టుకోవచ్చు. భార్యకి ఎక్కడైనా పని చేసుకునే హక్కు ఉంటుంది, అయితే ఆ ప్రాంతం దాటకూడదు. ఖర్చులకి అమ్మ తన నాలుగు కాసుల గొలుసు తీసి ఇచ్చింది. అమలాపురంలో బ్యాంకులో తాకట్టు పెట్టాం. తూకం వేసే అమ్మాయి 32 గ్రాములని రాసుకుంటుంటే అమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

పెర్త్ నుంచి కల్గూర్లీకి రైల్లో వెళ్లాం. దాదాపు ఏడు గంటలు. గోధుమ పొలాలు అయిపోయాక ఎర్రటి నేల మొదలైంది. పొట్టి చెట్లు, వాటి వెనక మళ్లీ పొట్టి చెట్లు. గంటల తరబడి ఊరు లేదు, చెరువు లేదు. పట్టాల పక్కన మాత్రం ఒక లావుపాటి పైపు కనిపిస్తోంది. మలుపులో మాయమైనా కాసేపటికి మళ్లీ వస్తోంది. నాకు గుండె గుబుక్కుమంది. మా కోనసీమలో పైపంటే గ్యాసు పైపే. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపు పేలి తెల్లవారుజామున ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు కాలిపోయారు. మా పిన్ని వాళ్లది పక్క ఊరే. ఆ పొద్దున్న మా వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదు. అందుకని ఎదురు సీట్లో ఉన్న పెద్దావిడని, అది గ్యాసా అని అడిగాను. ఆవిడ నవ్వి, "కాదమ్మా, మంచినీళ్లు. మనం తాగే నీళ్లు" అంది. మేమింకా ఊరు చూడనేలేదు, ఆవిడ అప్పుడే మనం అంది.

ఆ పైపు సంగతి తర్వాత వివరంగా తెలుసుకున్నాను. 1893 జూన్‌లో ప్యాడీ హన్నన్, ఆయన తోటి ఐరిష్‌వాళ్లు ఫ్లానగన్, షియా అక్కడ బంగారం చూశారు. వేలమంది ఎగబడ్డారు. బంగారమైతే ఉంది గానీ తాగడానికి నీళ్లు లేవు. భూమిలో తవ్వితే వచ్చేది సముద్రం కన్నా ఉప్పన. ఆ ఉప్పునీటిని మరిగించి, ఆవిరి పట్టి, గ్యాలన్ల లెక్కన అమ్మేవారు. టైఫాయిడ్‌తో చాలామంది చచ్చిపోయారు. అప్పుడు సి.వై.ఓకానర్ అనే ఇంజినీరు, పెర్త్ కొండల్లో ముందరింగ్ దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి 530 కిలోమీటర్లు పైపు వేసి, 8 పంపింగ్ స్టేషన్లతో నీటిని ఎగువకి తోసుకుంటూ తీసుకెళ్లొచ్చన్నాడు. పత్రికలు, రాజకీయ నాయకులు ఆయన్ని నానా మాటలూ అన్నారు. 1902 మార్చి 10న ఫ్రీమాంటిల్ దగ్గర గుర్రం మీద సముద్రంలోకి వెళ్లి కాల్చుకుని చనిపోయాడు. పది నెలల తర్వాత, 1903 జనవరి 24న కల్గూర్లీకి నీళ్లొచ్చాయి. ఇది చదివిన రోజు నాకు మా కాలువ గట్టు మీది కాటన్ దొరగారి విగ్రహం గుర్తొచ్చింది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారాయన. మా వైపు పంతుళ్లు ఆయన్ని భగీరథుడని తలుచుకుంటారు. ఆయన తన నీళ్లు పారడం కళ్లారా చూశాడు, ఓకానర్‌కి ఆ భాగ్యం లేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

మేం దిగింది జులైలో, అక్కడ అది చలికాలం. ఎడారి అంటే ఎండే అనుకుని స్వెట్టర్లు తలా ఒకటే తీసుకెళ్లాం. తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకట్టి కాలికింద కరకరలాడేది. ఇల్లు దొరకడం మహా కష్టమైంది. గని కంపెనీలు తమ మనుషుల కోసం ఇళ్లన్నీ ముందే తీసేసుకుంటాయి. మిగిలిన ఒక్కో ఇంటికీ ముప్ఫై దరఖాస్తులు. ఇంతకు ముందు అద్దెకున్న రికార్డు చూపించమంటారు, కొత్తగా వచ్చినవాళ్లకి అదెక్కడ నుంచి వస్తుంది? రెండు నెలలు ఒక మలయాళీ నర్సు వాళ్లింట్లో ఒక గదిలో ఉన్నాం. వాళ్లు లేకపోతే మేం వెనక్కి వచ్చేసేవాళ్లమేమో. ఆవిడ్ని నేను చేచీ అనే పిలుస్తాను, వాళ్ల భాషలో అక్క అని. అద్దె వారం లెక్కన కట్టాలి, మన దగ్గరలా నెలకి కాదు. మొదటి జీతాల్లో సగం దానికే పోయింది. డ్రైవింగ్ లైసెన్సుకి మళ్లీ మొదటి నుంచి రాత పరీక్ష, రోడ్డు పరీక్ష. కారు లేకపోతే ఆ ఊళ్లో చెయ్యీ కాలూ లేనట్టే.

మా ఆయనది పన్నెండు గంటల షిఫ్టు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు, తర్వాత ఏడు రోజులు సెలవు. ఊరి అంచునే సూపర్ పిట్. మూడున్నర కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, 600 మీటర్లకి మించిన లోతు. గట్టు మీద నిలబడి చూస్తే అడుగున 200 టన్నులకి పైగా మోసే లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. పేలుడు పెట్టినప్పుడు మా వంటింట్లో గిన్నెలు సన్నగా మోగుతాయి. మొదట్లో పాప నా చీర కొంగు పట్టుకునేది. ఇప్పుడు తలెత్తి కూడా చూడదు. పనిలోకి వెళ్లేముందు మద్యం తాగలేదని ఊది చూపించాలి. మత్తు మందుల పరీక్ష ఎప్పుడైనా ఉండొచ్చు. ఇది మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి: కోడికూరలో వేసే గసగసాల వల్ల కూడా ఆ పరీక్షలో తేడా రావచ్చు. కొత్తవాళ్లకి చెప్పే ఇండక్షన్లో ఆ మాట వినొచ్చిన రోజు మా ఆయన ఇంట్లో ఉన్న గసగసాల ప్యాకెట్టు తీసి బయట పడేశారు. అప్పటి నుంచి మా ఇంట్లో కూర చిక్కబడాలంటే జీడిపప్పే.

పాప స్కూల్లో కుదురుకున్నాక నేను ఉద్యోగం వెతుక్కున్నాను. టీచరుగా చెయ్యాలంటే అక్కడి చదువు మళ్లీ చదవాలి. బంగారం పరీక్ష చేసే ల్యాబ్‌లో మనుషులు కావాలని తెలిసి వెళ్లాను. మొదటి ఆరు నెలలు నా ఎమ్మెస్సీతో పనిలేదు, శాంపిల్ సంచులు మొయ్యడమే. తర్వాత ఫర్నేసు విభాగంలోకి తీసుకున్నారు.

ఆ పని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నాకది ప్రాణం. గనుల్లో డ్రిల్లు చేసి తీసిన రాయి సంచుల్లో వస్తుంది. దాన్ని ఎండబెట్టి, నలగ్గొట్టి, 75 మైక్రాన్ల పొడి చేస్తారు. వేళ్ల మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరులా ఉంటుంది. అందులో 50 గ్రాములు తూచి, సీసం ఆక్సైడు, సోడా, వెలిగారం కలిపి మట్టి మూసలో పోసి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో పెడతాం. గంట తర్వాత పొడవాటి పట్టకారుతో తీసి ఇనప అచ్చులో పోస్తే నిప్పులాంటి ద్రవం సాగుతూ దిగుతుంది. చల్లారాక సుత్తితో కొడితే పైనున్న గాజులాంటి చిట్టెం ఊడిపోయి, అడుగున సీసపు ముద్ద మిగులుతుంది. రాయిలో ఉన్న బంగారమంతా ఆ సీసం పట్టుకుని ఉంటుంది. దాన్ని కుపెల్ అనే తెల్లటి చిన్న గిన్నెలో పెట్టి మళ్లీ కొలిమిలోకి. సీసం ఆ గిన్నెలోకి ఇంకిపోతుంది. ఆఖరి క్షణంలో ఒక మెరుపు మెరిసి ఆగుతుంది. తీసి చూస్తే గిన్నె అడుగున నువ్వుగింజలో నాలుగోవంతు కూడా లేని పూస. దాన్నీ ఆమ్లాల్లో కరిగించి, యంత్రం మీద చదివితే, టన్ను రాయిలో ఎన్ని గ్రాములుందో తెలుస్తుంది.

మొదటిసారి ఆ పూస చూసినప్పుడు మా ఊరి కంసాలి తాతయ్య గుర్తొచ్చారు. కుంపటి ముందు గొంతుక్కూర్చుని, ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, మూసలో వెలిగారం చిటికెడు వేసి అమ్మ పాత ఉంగరం కరిగించేవారు. మూస, వెలిగారం, పుటం. మాటలన్నీ నాకు ముందే తెలుసు, పని మాత్రం అక్కడ నేర్చుకున్నాను. అమలాపురంలో బంగారం పనివాళ్ల వీధుల్లో తెల్లవారకుండానే దుమ్మూ మురుగూ పోగుచేసి, చిప్పల్లో కడిగి రేణువులు ఏరుకునే జలగడుగువాళ్లని చిన్నప్పుడు చూశాను. కల్గూర్లీలోనూ అలాంటి కథే ఒకటి చెబుతారు. మొదట్లో పనికిరాదనుకున్న రాయిని రోడ్ల గుంతల్లో పోశారట. అందులో బంగారం టెల్లూరియంతో కలిసి ఉందని 1896లో తేలాక జనం రోడ్లే తవ్వుకున్నారట.

టన్నుకి ఒకటి, రెండు గ్రాములున్నా తవ్వడం గిట్టుబాటవుతుంది. ఒకరోజు ఊరికే కూర్చుని లెక్కవేశాను. అమ్మ నాలుగు కాసుల గొలుసుకి పదహారు నుంచి ముప్ఫై రెండు టన్నుల రాయి. ఆ రాత్రి ఫోన్లో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అంత కొండ నా మెళ్లో ఉందా" అంది. రెండో ఏడు దసరాకి అది విడిపించాం.

సీసంతో పని కాబట్టి ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేస్తారు. పిల్లల్ని కనే వయసున్న ఆడవాళ్లకి పరిమితి ఇంకా తక్కువ. ఒకసారి నా రీడింగ్ పెరిగింది. పరిమితి దాటలేదు గానీ సూపర్‌వైజర్ పిలిచి, షిఫ్టు మధ్యలో చేతులు ఎన్నిసార్లు కడుగుతున్నావని అడిగింది. అప్పటి నుంచి గోళ్లు కత్తిరించుకుని, ల్యాబ్ బట్టలు అక్కడే వదిలేసి, స్నానం చేశాకే ఇంటికొస్తాను. పాపని ఎత్తుకునేముందు మళ్లీ చేతులు కడుగుతాను. జీతం ఎక్కువని మాస్కు పక్కన పెట్టి పనిచేసే కొత్తవాళ్లని చూసినప్పుడు నాకు కోపం వస్తుంది.

ఆ ఊరు వలసవాళ్లతో కట్టిన ఊరే. అయినా అందరికీ ఒకే గౌరవం దొరకలేదు. నీళ్లు, సరుకులు ఒంటెల మీద మోసినవాళ్లని అఫ్గాన్లని పిలిచేవారు, వాళ్లలో మన ఉపఖండం వాళ్లూ ఉన్నారు. ఊరి పెద్దవీధి అంత వెడల్పుగా ఉండటానికి కారణం ఒంటెల బారు వెనక్కి తిరగడానికేనంటారు. 1901లో తెల్లవాళ్ల దేశంగానే ఉంచాలని చట్టం తెచ్చి, రావాలనుకున్నవాళ్లకి ఏదో ఒక యూరప్ భాషలో డిక్టేషన్ పరీక్ష పెట్టేవారు. అధికారికి ఇష్టం లేని మనిషికి రాని భాషలోనే పెట్టొచ్చు. 1934 జనవరిలో ఇటలీ, యుగొస్లావియాల నుంచి వచ్చిన గని పనివాళ్ల ఇళ్లూ దుకాణాలూ తగలబెట్టారు. మా ల్యాబ్‌లో నాకు పని నేర్పినావిడ ఇటలీ వాళ్ల మనవరాలు. ఆ రాత్రి తన అమ్మమ్మ పిల్లల్ని తీసుకుని అడవిలో దాక్కుందని, పొద్దున్న వచ్చేసరికి కుట్టుమిషను ఒక్కటే బూడిదలో నిలబడి ఉందని చెప్పింది. ఆ మాట చెబుతూ పట్టకారు ఎలా పట్టుకోవాలో నా చెయ్యి సరిచేసింది. మాకు అలాంటి రోజు రాలేదు. షాపులో ఒకరిద్దరు విసుక్కోవడం, కారులోంచి ఏదో అరిచి వెళ్లడం జరిగాయి. కానీ జ్వరమొస్తే సూపు తెచ్చిన పొరుగువాళ్లే ఎక్కువ గుర్తున్నారు.

పండగలు తలకిందులుగా వస్తాయి. సంక్రాంతికి నడివేసవి. ఉగాదికి ఆకులు రాలే కాలం, వేపపువ్వు ఉండదు, చేదుకి కాకరకాయ ముక్కలు వేస్తాను. కరివేపాకు మొక్క పెర్త్ నుంచి కుండీలో తెచ్చుకున్నాను. మొదటి చలికాలం బయటే వదిలేస్తే మంచుకి నల్లబడి చచ్చిపోయింది. రెండో మొక్కని రాత్రిళ్లు ఇంట్లోకి తెస్తాను. దానికి బియ్యం కడిగిన నీళ్లే. అక్కడ ఏడాదంతా కలిపి 260 మిల్లీమీటర్ల వాన. మా కోనసీమలో ఒక వాయుగుండం పట్టిందంటే రెండు రోజుల్లో అంత కురుస్తుంది. తోటకి నీళ్లు పెట్టడానికి కూడా వారంలో మన ఇంటి నంబరుకి కేటాయించిన రోజులుంటాయి. ఆ కాగితం మొదటిసారి చదివి మా ఆయనతో, "ఇక్కడా వంతులేనండీ" అన్నాను. తేడా ఏంటంటే, ఆ వంతు రోజున నీళ్లు వస్తాయి.

2024 సంక్రాంతి మరచిపోలేను. ముక్కనుమ రోజు, జనవరి 17న, గాలివానకి దూరంగా ఎక్కడో హైటెన్షన్ టవర్లు కూలి ఊరంతా కరెంటు పోయింది. బయట ఎండ మండిపోతోంది, కూలర్లు లేవు, ఫోన్లకి సిగ్నల్ లేదు. కరెంటు వచ్చీ పోయీ రోజుల తరబడి ఇబ్బంది పెట్టింది. మేం నాలుగు తెలుగు కుటుంబాలవాళ్లం, చేచీ వాళ్లూ, గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో చేరాం. ఫ్రిజ్జుల్లో ఉన్నదంతా తెచ్చి వండేశాం. రాత్రి నేల మీద తడి తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నాం. 1996 నవంబరు తుఫానప్పుడు మా వీధంతా పంచాయతీ డాబాలో ఇలాగే పడుకోవడం నాకు గుర్తుంది, అప్పటికి నాకు ఏడేళ్లు. చేచీ వాళ్ల బాబు నా పక్కలో నిద్రపోతుంటే, ఈ ఊళ్లో నాకు మనుషులున్నారు అనిపించింది. పెట్టెలు సర్దుకుని వెళ్లిపోదామనే మాట మా ఇంట్లో ఆ తర్వాత రాలేదు.

కిందటేడు మాకు 191 వీసా, అంటే శాశ్వత నివాసం, వచ్చింది. ఆ వెంటనే నాన్నగారిని విజిటర్ వీసా మీద రప్పించాం. అమ్మ మోకాళ్ల నొప్పులని రాలేదు. పెర్త్ నుంచి కారులో బయల్దేరాం. నాన్నగారు ముందు సీట్లో కూర్చుని దారిలో మెరిడిన్ ఊరు దాటే వరకు పైపు మీద నుంచి కళ్లు తిప్పలేదు. "ఇంత దూరంలో లస్కర్లెంతమంది ఉంటారయ్యా?" అని మా ఆయన్ని అడిగారు. "లస్కర్లుండరు మావయ్యగారూ, పంపులే." "మరి మధ్యలో గండి కొట్టుకోరా?" "ఇనుము కదండీ." ఇంకో గంటకి, "ఎగువన ఉన్నవాళ్లకి కోపం రాదా, నీళ్లన్నీ ఇంత చివరికి పోతుంటే?" అన్నారు. దానికి మా ఇద్దరికీ ఏం చెప్పాలో తెలియలేదు.

దారిలోనే ఉన్న కూల్‌గార్డీ ఊరికి ముందు ఒకచోట కారు ఆపమన్నారు. చెప్పులు విడిచి, ఎర్రమట్టిలో నడిచి వెళ్లి పైపు మీద అరచెయ్యి ఆనించారు. ఎండకి కాలిపోతుందేమోనని నేను అరిచాను. ఆయన చెయ్యి తియ్యలేదు. చెవి దగ్గరికి పెట్టి విన్నారు. కారెక్కాక, "కదులుతున్నట్టే ఉంది" అన్నారు.

ఆ రాత్రి రెండింటికి వంటింట్లో చప్పుడైతే లేచాను. లైటు వెయ్యకుండా సింకు ముందు నిలబడి, కుళాయి సన్నగా తిప్పి, ధార కింద వేలు పెట్టి చూస్తున్నారు.

"దాహమా నాన్నగారూ?"

"కాదమ్మా. రాత్రంతా వస్తాయా ఇవి?"

"వస్తాయండీ."

"ఎవరూ కూర్చోనక్కర్లేదా?"

"అక్కర్లేదు."

కుళాయి గట్టిగా కట్టేశారు. చుక్క కారుతోందేమోనని వంగి చూశారు. తర్వాత వెళ్లి పడుకున్నారు.

ఇది మా ఊళ్లో, వీధి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ధవళేశ్వరంలో కాలువలకి నీళ్లు వదిలి పది రోజులైంది. మా బోదెలోకి ఇంకా రాలేదు. నాన్నగారు టార్చిలైటులో కొత్త బ్యాటరీలు వేసుకుంటున్నారు. దుప్పటి ఎక్కడ పెట్టావని లోపల అమ్మని అడుగుతున్నారు.